సెన్సర్ మందును పసిగట్టవచ్చునా?

సందేహం: రసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మా పని గురించి తెలుగులో వ్యాసం రాస్తూ "బంగారు నానో కణాల పూత వేసిన ఎలక్ట్రోడు రక్తంలోని ఇమిప్రమిన్‌ను పసిగడుతుంది" అన్నాను. ఇమిప్రమిన్ ఒక యాంటీడిప్రెసెంట్ మందు. సరిచూసినవారు, పసిగట్టడం కుక్కలకూ పోలీసులకూ చెల్లుతుందంటూ "ఇమిప్రమిన్ గుర్తించబడుతుంది" అని మార్చారు. ఏది సరి? యాంటీడిప్రెసెంట్‌కు తెలుగేమిటి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ 'బడు'ను తీసేయండి. పని చేసేది ఎలక్ట్రోడు అని తెలిసి కూడా దాన్ని వాక్యంలోంచి వెళ్ళగొట్టి 'గుర్తించబడుతుంది' అనడం ఏం తెలుగమ్మా! ఈ మధ్య సైన్సు వ్యాసాల నిండా ఇదే.

ఇక 'పసి' అంటే వాసన. పసిగొనడమన్నా పసిగట్టడమన్నా వాసన పట్టడమే. పసిపిల్లలోని పసి, పసులకాపరిలోని పసి వేరు. కంటికి కనబడనిదాన్ని దాని జాడనుబట్టి ఉన్నదని తెలుసుకోవడం ఈ మాటకు ప్రాణం. మనుచరిత్రలో ప్రవరుడు చేసింది అదే. తనను అక్కడికి చేర్చిన పాదలేపం మంచుకు కరిగిపోయి హిమాలయంలో దారితెన్ను తెలియక తిరుగుతున్నాడు. అప్పుడు,

మృగమదసౌరభవిభవ
ద్విగుణితఘనసారసాంద్రవీటీగంధ
స్థగితేతరపరిమళమై
మగువ పొలుపుఁ దెలుపు నొక్క మారుత మొలసెన్

కస్తూరి తోడై రెట్టింపైన కర్పూర తాంబూలపు వాసన, మిగతా పరిమళాలన్నిటినీ కప్పేసి, ఇక్కడ ఒక స్త్రీ ఉన్నదని చెప్పింది. 'పసిగట్టు' అనే మాట పద్యంలో లేదు, ఆ పని ఉంది. ఆ తరువాతి పద్యంలో గాని పెద్దన 'కనియెన్' అనడు. ముందు పసిగట్టడం, తరువాత కనడం. ఎంత జాగ్రత్త ఆ మహాకవికి!

మీ ఎలక్ట్రోడు సంగతి చూడండి. సుమారు 3 మిల్లీమీటర్ల కార్బన్ మొనను అల్యూమినా పొడితో అద్దంలా రుద్ది, బంగారు కణాలు తేలే నీటిబొట్టు వేసి ఆరబెడతారు. దాన్ని నమూనాలో ముంచి వోల్టేజీ మెల్లగా పెంచుకుంటూ పోతే ఒకచోట ఇమిప్రమిన్ ఎలక్ట్రాన్లను వదులుతుంది, కరెంటు గీత శిఖరంలా లేస్తుంది. ఆ శిఖరం ఏ వోల్టేజీ దగ్గర లేచిందో చూసి ఏ మందో పోల్చుకుంటారు, ఎంత ఎత్తు లేచిందో చూసి మోతాదు లెక్కగడతారు. నానో కణాలు మొనకు ఉపరితలాన్ని పెంచి, ఎలక్ట్రాన్ల మార్పిడిని తేలిక చేస్తాయి. కర్పూరానికి కస్తూరి తోడైనట్టు, కొంచెం మందుకే గీత పైకి లేస్తుంది. అయితే రక్తంలో యూరిక్ ఆమ్లం, విటమిన్ సి కూడా ఎలక్ట్రాన్లు వదిలేవే. వాటి మధ్య మందు జాడను విడిగా పట్టాలి. పెద్దన పద్యంలో తాంబూలపు వాసన 'స్థగితేతరం', అంటే మిగతావాటిని తానే కప్పేసింది; ఇక్కడ మందుకు అంత తేలిక కాదు. దీన్ని పసిగట్టడం అనకపోతే ఇంకేమంటాం?

'గుర్తించు' తప్పని అనను. అది ఎరిగినదాన్ని ఆనవాలు పట్టడం. 'కనుగొను' కొత్తగా తెలుసుకోవడం. మందు ఉందో లేదో తేల్చేచోట 'పసిగట్టు', ఎంత ఉందో చెప్పేచోట 'కొలుచు' నాకు సమ్మతం. ఇమిప్రమిన్‌లో మేలుచేసే మోతాదుకూ కీడుచేసే మోతాదుకూ దూరం తక్కువ కాబట్టి మీ వ్యాసంలో 'కొలుచు' కూడా గట్టిగా కావాలి. ఆస్పత్రి రిపోర్టులో మాత్రం 'పసిగట్టు' రాయడానికి నేనూ వెనకాడతాను. రోగి ఏదో దాచినట్టు ధ్వనిస్తుంది.

యాంటీడిప్రెసెంట్‌ను 'కుంగుబాటు మందు' అనండి, చాలు. నానో అంటే గ్రీకులో మరుగుజ్జు. దాన్ని అలాగే ఉంచండి. 'పసికట్టు' అని రాసేవారూ ఉన్నారు. నేను గకారమే రాస్తాను.