1,800 పెట్టాలా, ముక్కలు పడేయాలా?

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఇద్దరే మిగిలిన పోకర్‌లో అవతలోడు ఉన్నదంతా పందెంగా నెట్టేస్తే కాల్ చెప్పాలా, అంటే నువ్వూ అంత పెట్టి ముక్కలు పోల్చుకోవాలా, వద్దా అని అడిగినావు. "వాడు బ్లఫ్ చేస్తున్నాడా?" (ఉత్త ముక్కలతో బెదిరిస్తున్నాడా) అన్న ప్రశ్నతో మొదలుపెడుతున్నావు, అక్కడే దారి తప్పుతోంది అబ్బీ. ముందు ధర చూడు. వాడి మొహం తర్వాత చూడొచ్చు.

రివర్ (ఇద్దరికీ కలిపి నేల మీద పరిచే అయిదో, ఆఖరి ముక్క) పడింది, పాట్‌లో (నడుమ పడిన పందెం గుట్టలో) 1,200 ఉంది, వాడు 1,800 నెట్టినాడు అనుకో. నువ్వూ 1,800 పెడితే మొత్తం 4,800. నీ 1,800ని ఆ 4,800తో భాగించు: 37.5 శాతం. వందలో 38 సార్లు నీ ముక్కలు గెలిస్తే ఆ కాల్ గిట్టుతుంది. చాలామంది తాము పెట్టబోయే 1,800ని కలపకుండా 3,000తోనే భాగిస్తారు. 60 శాతం వచ్చేసరికి భయపడి గెలిచే ముక్కలు పడేస్తారు. ఇంకొందరు ఇంతకుముందు వేసింది ఇంకా తమదే అనుకుని, దాన్ని కాపాడుకోవడానికి కాల్ చెబుతారు. అది పాట్‌లో పడిన క్షణమే నీది కాకుండా పోయింది. వాడి ముందు 5,000 గుట్ట ఉన్నా నీ దగ్గర 1,800 ఉంటే పందెం 1,800కే. మిగతాది వాడికే తిరిగి పోతుంది.

ధర తేలినాక వాడి దగ్గర ఏముండొచ్చో లెక్కపెట్టాలి. అసలు పని ఇదే. ఫ్లాప్ (మొదట పరిచే మూడు ముక్కలు) ఆఠీను రాణి, ఆఠీను 8, కళావరు 5. టర్న్ (నాలుగో ముక్క) ఇస్పేటు 2. రివర్ డైమన్ రాజు. నీ చేతిలో ఇస్పేటు రాణి, డైమన్ జాకీ, అంటే నేల మీది రాణితో కలిసి రాణుల జత. ఫ్లాప్‌లోనూ టర్న్‌లోనూ వాడే పందెం కాసినాడు, నువ్వు కాల్ చెబుతూ వచ్చినావు.

నిన్ను ఓడించేవాటిలో వాడు నెట్టేవి ఇవే అనుకుని ముందు రాసుకో. ఆసు-రాజు (రాజుల జత) 12 విధాలు (నాలుగు ఆసులు, మిగిలిన మూడు రాజులు). రాజు-రాణి (రెండు జతలు) మామూలుగా 9, నీ చేతిలో ఒక రాణి ఉంది కాబట్టి 6. చేతిలో రెండు 8లు (నేల మీది 8తో మూడు) 3 విధాలు, రెండు 5లు 3. మొత్తం 24.

ఇప్పుడు తప్పిపోయినవి, అంటే అనుకున్న ముక్క పడక నీ జతకు ఓడేవి. ఫ్లష్ (ఒకే రంగు అయిదు ముక్కలు) కోసం చూసిన ఆఠీన్లలో ఆసుతో జాకీ, 10, 9, 7, 6, 4, 3 కలిసి 7. ఆసు లేకుండా జాకీ-10, జాకీ-9, 10-9, 10-7, 9-7, 7-6, 6-4, 4-3 కలిసి 8. మొత్తం 15. వీటన్నిటినీ నెట్టేవాడైతే 39లో 15, అంటే 38.5 శాతం, ధరను అంచుల్లో దాటింది. వేరే రంగుల జాకీ-10, అంటే అయిదు ముక్కలు వరుసగా కుదరడానికి 9 కోసం చూసి తప్పినవి, ఇంకో 11 కలిపితే 50లో 26, సంకోచం లేకుండా కాల్. నీ జాకీ వల్ల అవి తగ్గినాయి చూడు. అదే నీ చేతిలో రాణి-6 ఉంటే అన్నీ ఉండేవి. చేతిలో ఆఠీను లేకపోవడం మాత్రం నీకు మేలు, వాడి తప్పిన ఆఠీన్లు ఏవీ తగ్గలేదు.

అయితే ఈ 26లో వాడు సగమే నెడతాడనుకో: 37లో 13, 35 శాతం. పడేయాలి. ఇంట్లో, హాస్టల్లో సరదాగా ఆడేవాళ్లలో జాస్తి మంది రివర్‌లో పెద్ద బ్లఫ్ చేయరు. వాళ్ల మీద ఒక్క జతతో నేనైతే పడేయమనే చెబుతా. ఒక్క మినహాయింపు: జత లేకుండా ఆసు-రాజుతో రెండుసార్లు కాసే రకం కాదని నీకు తెలిస్తే ఆ 12 తీసేయ్. అప్పుడు 13 తప్పిన చేతులే చాలు.

ఫ్లాప్‌కు ముందే నెడితే లెక్క చిన్నది. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరూ తప్పక పెట్టేవి) 50, 100. డీలరే (పంచేవాడే) చిన్న బ్లైండ్, ముందు ఆడాల్సిందీ డీలరే; ఈసారి అవతలోడే డీలర్ అనుకో. వాడు 1,000 నెట్టినాడు, నీ 100 ఇప్పటికే ఉంది, ఇంకా 900 పెట్టాలి: 900ని 2,000తో భాగిస్తే 45 శాతం. ఏ ముక్కలొచ్చినా నెట్టేవాడి మీద రాజు-2 కూడా సగానికి పైనే గెలుస్తుంది, కాల్ చెప్పు. జతలూ ఆసులే నెట్టేవాడి మీద అదే రాజు-2 నలభైకి దిగువన పడుతుంది, పడేయ్. ముక్కలు మారలేదు, మనిషి మారినాడు. టోర్నమెంట్ చివరి ఇద్దరిలో ఉంటే రెండో బహుమతి ఎలాగూ నీదే కాబట్టి ధర కంటే అదనంగా భయపడక్కర్లేదు.

డబ్బు పెట్టి మాత్రం ఆడొద్దు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పోకర్, రమ్మీ ఆపింది, 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. చింతగింజలతో ఆడినా ఈ లెక్క అణువంత మారదు.

ఆట ముగిసిన రోజే మూడు అంకెలు రాసిపెట్టు: ధర ఎంత, ఓడించేవి ఎన్ని, తప్పిపోయినవి ఎన్ని. గెలిచినావా ఓడినావా రాయొద్దు. సెలవులకు వచ్చినప్పుడు ఆ కాగితాలు తెచ్చుకో, ముక్కలు పరిచి ఒక్కొక్కటీ చూద్దాం.

మీ మామ