పెద్దకూరలో (గొడ్డు మాంసంలో) ఏ ముక్క దేనికి?

ప్రశ్న: దుకాణంలో 'బోన్‌లెస్ కిలో' అని అడిగి తెచ్చుకుంటాం. ఒకసారి మెత్తగా ఉడుకుతుంది, ఇంకోసారి ఎన్ని విజిల్స్ వచ్చినా సాగుతూనే ఉంటుంది. ఖరీదైనదే మంచిదని అండర్‌కట్‌తో నిహారీ (గంటల తరబడి ఉడికించే మాంసం పులుసు) చేస్తే పొడిపొడిగా అయిపోయింది. ఏం అడగాలి?
- ఒక పాఠకురాలు, ముషీరాబాద్

జవాబు: మీ వంటలో లోపం లేదండీ, 'బోన్‌లెస్' అని అడగడంలోనే ఉంది. అలా అడిగితే భాయ్ మెడ, జబ్బ, తొడ ఏది చేతికందితే అది కలిపి కోసేస్తాడు, ఒక్కోటి ఒక్కో టైమ్‌కి ఉడుకుతుంది.

పశువు ఏ కండతో ఎక్కువ పని చేస్తే అది అంత గట్టిగా ఉంటుంది. అండర్‌కట్ అంటే వెన్నెముకకు లోపలివైపు నడుము దగ్గరుండే పొడవాటి కండ, దానికి పని తక్కువ. వేలెడు మందాన కోసి, బాగా కాలిన పెనం మీద నిమిషాల్లో దించేయాలి. నిహారీకి పిక్క మాంసమే అడగండి, మూలుగ బొక్కలు రెండు వేయించుకోండి. పిక్క ముక్కను అడ్డంగా కోస్తే కండ మధ్యలో తెల్లటి నరాలు, పొరలు కనిపిస్తాయి చూడండి, చాలామంది అవి తీసేయమంటారు, దయచేసి తీయించకండి! సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికితే అవే కరిగి పెదాలకు అంటుకునే జిగురవుతాయి. అండర్‌కట్‌లో ఆ పొరలు దాదాపు ఉండవు, ఇక కరగడానికి ఏముంటుంది?

యూట్యూబ్‌లో విదేశీ బీఫ్ వంటల టైమింగ్స్ ఇక్కడ పనికిరావు. మన దగ్గర 1977 గోవధ నిషేధ చట్టం ప్రకారం ఆవును కోయడం నిషేధం, బర్రెలకైనా పాలకు, పనికి, ఈనడానికి ఇక పనికిరావన్న సర్టిఫికెట్ ఉండాలి. అంటే దొరికేది ఎక్కువగా వయసు మళ్లిన బర్రె మాంసం, ముదురు రంగులో, కొవ్వు తక్కువగా, ఉడకడానికి మొండిగా ఉంటుంది.

పెద్దకూరతో చేసే కళ్యాణి బిర్యానీకి తొడ మాంసం చిన్న ముక్కలుగా, కండ పోగులకు అడ్డంగా కోయించండి, పచ్చి బొప్పాయి ముద్ద కొంచెం పట్టించండి, రాత్రంతా మాత్రం వదిలేయకండి, పైన పిండిలా అయిపోతుంది. ఖీమాకి మెడ, జబ్బ చాలు. తునకలు ఎండబెట్టాలనుకుంటే తొడలోనే కొవ్వు లేని కండ తీసుకుని పొడవుగా కోయించండి, కొవ్వు ఉంటే నాలుగు రోజులకే వాసనొస్తుంది.