అరవై వేలు కట్టేముందు ల్యాప్‌టాప్‌లో రెండు విండోలు

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. మా అబ్బాయి ఈ ఏడాదే బీటెక్ సీఎస్‌ఈ పూర్తిచేశాడు. ఇంటర్వ్యూలో ‘రిపీటబుల్ రీడ్‌కీ సీరియలైజబుల్‌కీ తేడా ఏంటి’ అని అడిగితే నాలుగు ఐసొలేషన్ లెవెల్స్ పేర్లు అప్పజెప్పి ఆగిపోయాడట. ఇప్పుడు డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్ కోర్సుకి అరవై వేలు అడుగుతున్నాడు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఐసొలేషన్ లెవెల్స్ అంటే, ఒకేసారి నడిచే పనుల్ని డేటాబేస్ ఒకదాన్నుంచి ఒకటి ఎంత వేరుగా ఉంచాలో చెప్పే స్థాయిలు. ఆ పేర్లు డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ 1992 ప్రమాణం నుంచీ ఉన్నవే, అందరూ బట్టీ పడతారు. అడిగినవాళ్లకు కావాల్సింది అది కాదు.

మీ వ్యాపారంలోనే చూడండి. రెండు గోడౌన్లు, ఒక్కోదాంట్లో 60 బస్తాల పిక్కలు. రెండూ కలిపి 60కి తగ్గకూడదని మీ కట్టుబాటు. ఇద్దరు గుమస్తాలు ఒకేసారి కంప్యూటర్లో చూస్తే మొత్తం 120 కనిపించింది. ఒకరు మొదటి గోడౌన్‌లోంచి 60, ఇంకొకరు రెండోదాంట్లోంచి 60 తీసినట్టు రాసేశారు. ఎవరి లెక్క వాళ్లకి సరిగ్గానే ఉంది, గోడౌన్లు మాత్రం ఖాళీ! దీన్ని రైట్ స్క్యూ అంటారు. పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌లో రిపీటబుల్ రీడ్ పెడితే, ఇద్దరూ మార్చింది వేర్వేరు వరసలు (గోడౌన్‌కి ఒకటి) కాబట్టి రెండూ కమిట్ అయిపోతాయి, అంటే ఖాయంగా నమోదైపోతాయి. సీరియలైజబుల్ పెడితే ఒకరికి 40001 ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఆ ట్రాన్సాక్షన్‌ని, అంటే చూసి రాసే ఆ పనంతటినీ, మొత్తం లెక్క చూడ్డం దగ్గర్నుంచి మళ్లీ నడిపేలా కోడ్ రాయాలి. చాలామంది ఫ్రెషర్లు తడబడేది ఇక్కడే.

ఇది నేర్చుకోవడానికి పైసా అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ వేసుకుని, రెండు విండోలు పక్కపక్కన తెరిచి, ఈ బస్తాల లెక్కే చేసి చూడమనండి. లెవెల్ సంగతి ముట్టుకోకపోతే అందులో ఉండేది రీడ్ కమిటెడ్. వేరే డేటాబేస్‌లు చూస్తే, మైఎస్‌క్యూఎల్‌లో రిపీటబుల్ రీడ్, కాక్రోచ్‌డీబీలో సీరియలైజబుల్. పేరు ఒకటే అయినా టైడీబీ అనే ఇంకో డేటాబేస్ రిపీటబుల్ రీడ్, మైఎస్‌క్యూఎల్‌ది అచ్చం ఒకేలా నడవవు. అందుకే ఏ డేటాబేస్ గురించి అడుగుతున్నారో ముందు కనుక్కుని జవాబు చెప్పమనండి, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి అది నచ్చుతుంది.

ఇది చేతికి వచ్చాక డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్ (ఒకే డేటాను చాలా సర్వర్లు కలిసి మోసేది) అయిన యుగబైట్‌డీబీని మూడు నోడ్లతో, అంటే మూడు సర్వర్లలా, అదే ల్యాప్‌టాప్‌లో నడపొచ్చు, ఉచితమే. పోస్ట్‌గ్రెస్ భాషే మాట్లాడుతుంది కాబట్టి అదే లెక్క మళ్లీ చేసి, మధ్యలో ఒక నోడ్ ఆపి ఏమవుతుందో రాసుకోమనండి. ఆ రాసుకున్నది, కోడ్ నలుగురికీ చూపించుకునే గిట్‌హబ్ సైట్‌లో పెడితే రెజ్యూమెలో కోర్సు సర్టిఫికెట్ కంటే ఎక్కువ బరువు తూగుతుంది. ఆ తర్వాత కూడా కోర్సు కావాలంటే అప్పుడు చూద్దాం. ఈలోగా ఖర్చు పెట్టాలనే ఉంటే, ర్యామ్ 16 జీబీకి పెంచి ఇవ్వండి. మూడు నోడ్లకి అది పనికొస్తుంది.