పాతకాలపు కమ్మరి కొలిమి మోడల్ బొమ్మలా కాకుండా నిజంగా వాడినట్టు కనిపించాలంటే ఏం చేయాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి గోడలు, కప్పు, పనిముట్లు అన్నీ పెట్టేశారు. అయినా చూస్తే బొమ్మరిల్లులాగే ఉందని, ఇంకేం చేర్చాలని అడిగారు. ఇంకేమీ చేర్చకండి. ఉన్నవాటినే ఎవరో రోజూ అక్కడ పనిచేస్తున్నట్టు సర్దండి. నేను కొలిమి, వడ్రంగి షెడ్డు, సైకిల్ రిపేరు కొట్టు చేశాను. మూడింటికీ ప్రాణం వచ్చింది పనిముట్ల సంఖ్య వల్ల కాదు, వాటి చోటు వల్ల, వాటి అరుగుదల వల్ల.

ముందు కాగితం మీద నేల గీసుకుని అందులో కమ్మరిని నిలబెట్టండి. కాలిన ఇనుము బయటికి తీసిన క్షణం నుంచే చల్లారుతుంది. కాబట్టి దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) కొలిమికి దగ్గర్లోనే, ఒంటి కాలి మీద తిరిగితే అందేలా ఉంటుంది. దాని ఎత్తు కూడా ఊరికే పెట్టింది కాదు. చేతులు కిందికి వదిలి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఎత్తుకి దాగలి పైభాగం వస్తుంది. నీళ్ల తొట్టి పక్కనే. పట్టకార్లు కొలిమి అంచుకే వేలాడతాయి తప్ప ఎదురుగోడకి వరసగా, అందంగా కాదు. కిటికీలు తక్కువ పెట్టండి. ఇనుము ఎంత కాగిందో దాని రంగు చూసే తెలుసుకోవాలి, ఎండ పడితే ఆ రంగు సరిగా తెలియదు. అందుకే కొలిమిలో ఎప్పుడూ మసక వెలుతురే.

స్కేలు మీరింకా తేల్చుకోలేదంటే 1:24 (నిజం కన్నా 24 రెట్లు చిన్నది) మంచిది. 1:35లో సైనికుల మోడళ్లు చేసేవాళ్లకి సామాను బోలెడు దొరుకుతుంది కానీ, పనిముట్లు మరీ చిన్నవైపోతాయి. 1:24లో 168 సెంటీమీటర్ల మనిషి 70 మిల్లీమీటర్లు, 15 సెంటీమీటర్ల వెడల్పు చెక్క పలక దాదాపు 6 మిల్లీమీటర్లు. ఒక చిన్న లెక్క మాత్రం ఎప్పుడూ గుర్తుంచుకోండి: ఈ స్కేల్లో మీ కత్తి గీత ఒక మిల్లీమీటరు లోతు దిగితే నిజంలో అది దాదాపు అంగుళం లోతు చీలిక. చెక్కకి ‘పాతదనం’ తేవాలని అందరూ అతిగా గీకేసేది ఇక్కడే. మెత్తటి ఇత్తడి బ్రష్‌తో నార దారిలోనే రెండుసార్లు లాగితే చాలు. మోడళ్లకి వాడే చెక్కల్లో బాల్సా కన్నా బాస్‌వుడ్ నార సన్నగా ఉంటుంది, అంచులు పీచులేవవు.

చెక్క రంగుకి నేను పెయింట్ దాదాపు వాడను. వెనిగర్‌లో కొంచెం స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) వేసి ఒకట్రెండు రోజులు ఉంచితే వచ్చే ద్రవం, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం‌తో కలిసి ఎండకి ఎండి వానకి తడిసిన బూడిద రంగునిస్తుంది. సీసా మూత గట్టిగా బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది. బాస్‌వుడ్‌లో టానిన్ తక్కువ కాబట్టి ముందు చిక్కటి టీ డికాషన్ పూసి ఆరనివ్వాలి. అసలు రంగు ఆరాకే తేలుతుంది, అందుకని పనికిరాని ముక్క మీద చూసుకుని మొదలుపెట్టండి. పలకలు అంటించకముందే రంగు వేయడం మరీ ముఖ్యం. జిగురు పడిన చోట ఏ రంగూ పీల్చదు, తెల్ల మచ్చ మిగిలిపోతుంది.

ఇక ఇనుము. అన్నిటికీ ఒకే తుప్పు రంగు పూసేస్తే ఏళ్ల క్రితం మూతపడ్డ కొట్టులా ఉంటుంది. వాడే కొట్టయితే దాగలి ఒళ్లంతా నల్లగా, పైముఖం మాత్రం సుత్తి దెబ్బలకి మెరుస్తూ ఉండాలి. నేను దాగలికి ముదురు బూడిద రంగు వేసి (అచ్చం నలుపు వేయను, చిన్న మోడల్ మీద నలుపు బొక్కలా కనిపిస్తుంది), పైముఖం మీదా కొమ్ము (పక్కకి పొడుచుకొచ్చిన మొన) మీదా మెత్తటి పెన్సిల్ పొడిని వేలితో రుద్దుతాను. సుత్తి పిడి చేయి పట్టే చోట నూనె పట్టి ముదురుగా, నున్నగా ఉంటుంది. తుప్పు రంగు పూయాల్సింది కప్పు రేకుకి, బయట వానలో పడి ఉన్న బండి చక్రం కట్టుకి, మూలన తుక్కు ఇనుముకి. ముడతల రేకు చేసేటప్పుడు ముడతకి ముడతకి మధ్య 3 మిల్లీమీటర్లు ఉంచండి. నిజం రేకుకి అది 76 మిల్లీమీటర్లు.

మసి ఎక్కడపడితే అక్కడ వేయకండి. కొలిమి పైన గోడ మీద వెడల్పవుతూ పైకి పోతుంది, దూలాల కిందివైపు పట్టుకుంటుంది. నేల మీద దాగలి చుట్టూ కాలిన ఇనుము నుంచి రాలిన సన్నటి నల్ల పొలుసులు, కొలిమి పక్కన బొగ్గు పొడి, గుమ్మం నుంచి దాగలి వరకూ నడిచి నడిచి గట్టిపడ్డ దారి. నేలకి ఇసుక వాడితే కంకరలా కనిపిస్తుంది, గుడ్డలో జల్లించిన మట్టే వాడండి.

అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ 1940లలో 1:12 స్కేల్లో నేరం జరిగిన గదుల డయోరమాలు (చిన్న నమూనా దృశ్యాలు) చేశారు, పోలీసులకి పరిశోధన నేర్పడానికి. అక్కడ ప్రతి వస్తువూ ఏం జరిగిందో చెప్పే సాక్ష్యమే. మన కొలిమికీ అదే నియమం పెట్టుకోండి. ఏ వస్తువైనా ‘ఇది ఇక్కడికెందుకొచ్చింది’ అంటే మీ దగ్గర జవాబుండాలి, లేదంటే తీసేయండి. నేను షెడ్డులోంచి సగం సామాను అలాగే తీసేశాను.

నిప్పు కోసం బొగ్గు ముక్కల కింద నారింజ ఎల్ఈడీ ఒకటి చాలు. 9 వోల్టుల బ్యాటరీ అయితే 470 ఓమ్‌ల రెసిస్టర్ తప్పకుండా కలపండి. గోడలు థర్మాకోల్ లాంటి ఫోమ్‌తో చేస్తుంటే సూపర్ గ్లూ, స్ప్రే పెయింటు రెండూ దూరంగా ఉంచండి, ఫోమ్‌ని కరిగించేస్తాయి.

కమ్మరి బొమ్మ పెట్టాలా అని కూడా అడిగారు. నేనైతే పెట్టను. ముఖం చక్కగా పెయింట్ చేయడం రాకపోతే చూసేవాళ్ల కళ్లు అక్కడే ఆగిపోతాయి. తప్పదనుకుంటే కొలిమికి గాలి ఊదే తిత్తి దగ్గర, వీపు మనవైపు ఉండేలా కూర్చోబెట్టండి.