బుజ్జమ్మకు, కటింగ్ మిషన్ పెట్టె తెరవక ముందే

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మూలాపేట ఇల్లు నువ్వే బాగుచేసుకుంటావంట కదా. వంటింటి అరలు, పడకగదిలో అల్మరా, ఉబ్బిపోయిన వీధి తలుపు, అన్నీ నువ్వేనంట. వడ్రంగులు రేపు రేపంటూ తిప్పుతున్నారని గుండ్రటి బ్లేడుతో చెక్క కోసే 7 అంగుళాల కటింగ్ మిషన్ ఆన్‌లైన్‌లో బుక్ చేశావంట కూడా. ఫోన్ పెట్టేసి మీ అత్తతో "మేనమామ పోలిక వచ్చింది చూడు" అన్నా. "పోలిక సరే, వేళ్లు పదీ ఉండేట్టు చూడు" అంది ఆమె. రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది. అందుకే పొద్దున కాఫీ కూడా తాగకుండా రాయడానికి కూర్చున్నా.

మీ నాన్న ఇంకో ముక్క కూడా అడిగాడు. అది తర్వాత చెబుతా.

డ్రిల్లు సంగతి తేలిక. 13 ఎంఎం చక్, అంటే బిట్ పట్టుకునే నోరు, ఉన్న హ్యామర్ డ్రిల్లు ఒకటి కొను, ఇంటి పనికి చాలు. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా మాత్రం బెజ్జం పెట్టొద్దు, వైర్లు ఆ దారినే పోతాయి. అది పాత ఇల్లు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కరెంటు లీకైతే టక్కున ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూపించు. లేకపోతే మిషన్ల కంటే ముందు అది పెట్టించు. కొన్ని మిషన్లకి రెండే పిన్నులుంటాయి, ఎర్త్ లేదని కంగారు పడొద్దు. మిషన్ ఒంటి మీద చదరంలో చదరం గుర్తు ఉంటే లోపల ఇన్సులేషన్ రెండు పొరలుందని అర్థం.

ఇక రంపాలు. నీకు ఆ పెద్ద మిషన్ ఎవరు కొనమన్నారమ్మా? నువ్వు చేయబోయేది 18 ఎంఎం ప్లై పని. కొలతలు కాగితం మీద రాసుకుపోతే చాలా ప్లైవుడ్ షాపుల్లో 8 బై 4 అడుగుల షీటుని వాళ్లే బల్ల మిషన్ మీద కోసిస్తారు. మూలలు మూలమట్టానికి సరిపోతాయి, నీకు ఆటోలో తెచ్చుకోవడమూ సులువు. ఇంటి దగ్గర మిగిలేవి సింక్ కింద పైపు బెజ్జాలు, నాలుగు వంకర కోతలు. వాటికి జిగ్‌సా చాలు, సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే చిన్న మిషన్ అది. దాని పళ్లు పైకి లాగుతూ కోస్తాయి కాబట్టి సన్‌మైకా మొహం కిందికి పెట్టాలి. చేతిరంపం నెట్టేటప్పుడు కోస్తుంది, దానికి మొహం పైకి. ఇది తారుమారైతే అంచంతా ఎలకలు కొరికినట్టుంటుంది.

తలుపు జోలికి ఇప్పుడు పోవద్దు. కార్తీకం వానలకి ఉబ్బిన తలుపుని ఇప్పుడే చిత్రిక పడితే మే నెలకల్లా వేలు దూరే సందు వస్తుంది. నీ టెన్షన్ నాకు తెలుసు, గడియ పడటం లేదు. గడియ ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కిందికి దించుకో, సంక్రాంతి దాటనీ.

బుక్ చేసిన మిషన్ ఎలాగూ వస్తుంది. దాని బ్లేడు కింద సగం మీద ఒక రేకు కవరు ఉంటుంది, స్ప్రింగుతో. చెక్కలోకి పోయేటప్పుడు వెనక్కి జరుగుతుంది, బయటికి రాగానే టక్కుమని మూసుకుంటుంది. సన్నబద్దలు చీల్చేటప్పుడు అది అంచుకి తట్టుకుని విసిగిస్తుంది. అప్పుడు దాన్ని పైకి లేపి తీగతో కట్టేయాలనిపిస్తుంది.

నేను కట్టా.

నువ్వు పుట్టక ముందు ఏడాది సంక్రాంతి అది. మీ నాన్న అప్పటికి కొత్తల్లుడు. కావలిలో మన పాత ఇంటి వెనక వేపచెట్టు కింద కిటికీలకి వేప పలకలు చీలుస్తున్నా, పండగలోపు ఒకరికి అందించాలి. పచ్చి పొట్టు పట్టి కవరు ఊరికే ఇరుక్కుంటోంది. విప్పి తుడిస్తే పావుగంట పని. అందుకు బద్ధకించి బైండింగ్ వైరు రెండు చుట్లు వేసి పైకి కట్టేశా. మీ నాన్న పట్టుపంచెతో వచ్చి గొంతుక్కూర్చుని "ఇటివ్వు బావా, ఒక్క కోత నేను కోస్తా" అన్నాడు. కొత్తల్లుణ్ణి కాదనలేక ఇచ్చా.

కోత బాగానే కోశాడు. బటన్ వదిలేసి మిషన్‌ని పక్కనున్న పలక మీద పెట్టాడు. బటన్ వదిలినా బ్లేడు వెంటనే ఆగదు, ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కవరు ఉంటే అప్పటికి మూసుకునేది. అది లేకపోయేసరికి బ్లేడు పళ్లే చక్రంలాగా పలకని పట్టుకుని, మిషన్ వెనక్కి, ఆయన మీదికే పరుగెత్తింది. పంచె చిరిగిన చప్పుడు వినిపించింది, అరుపు తర్వాత వినిపించింది.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నా. ఆయన తొడ పట్టుకుని పడిపోతే నేను ముందు వెతికింది గుడ్డ కోసం కాదు, కటింగ్ ప్లేయర్ కోసం. తీగ తుంచి జేబులో వేసుకున్నా. కవరు టక్కుమని మూసుకుంది. ఆ తర్వాతే తువ్వాలు చుట్టి రిక్షా పిలిచా. 14 కుట్లు పడ్డాయి. మీ అమ్మకి రేకు కోసుకుందని చెప్పాం. మీ నాన్న తీగ చూశాడో లేదో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ అడగలేదు, నేను ఎప్పుడూ చెప్పలేదు. నిన్న ఫోన్‌లో మాత్రం నీ గొప్పలన్నీ చెప్పుకుని, పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "బావా, ఆ మిషన్‌కి కవరు ఉంటుందా?" అన్నాడు.

అందుకని బుజ్జమ్మా, నీతో ఏ మేస్త్రీ అయినా "కవరు అడ్డం మేడం, తీసేద్దాం" అంటే ఆ మనిషిని మర్యాదగా ఇంటికి పంపెయ్. రాయి, ఇనుము కోసే చిన్న గ్రైండర్‌కి చెక్క బ్లేడు ఎక్కించేవాణ్ణి మర్యాద లేకుండా పంపెయ్. అది నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, చెక్కలో ఇరుక్కుంటే చేతిలో ఆగదు.

షీటుని రెండు కుర్చీల మీద వంతెనలా పెట్టి మధ్యలో కోయొద్దు. కుంగి కోత మూసుకుంటుంది, బ్లేడుని పట్టేస్తుంది, మిషన్ ఎగిరి నీ మీదికొస్తుంది. నేల మీద థర్మకోల్ షీటు పరిచి దాని మీద కోసుకో. బ్లేడు ప్లై కింద 5 ఎంఎం కనిపిస్తే చాలు, అంతకంటే దించొద్దు. ప్లైకి 40 పళ్ల బ్లేడు వేసుకో, పెట్టెలో వచ్చే 24 పళ్లది నిలువు చీలికలకి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకి నీ కంటి ముందే పెట్టుకో. చున్నీ తీసి లోపల పెట్టు, జుట్టు ముడేసుకో, గాజులు వద్దు. గ్లౌజులు కూడా వద్దు. తిరిగే బ్లేడు గుడ్డని పట్టిందంటే చేతిని కూడా లాక్కుపోతుంది. కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. నీకు చిన్నప్పటి నుంచి దుమ్ము పడదు, నా షెడ్డులోకొస్తే తుమ్ములే తుమ్ములు, అయినా పొట్టులో ఆడుకోవాలని ఏడ్చేదానివి.

ఈ కాగితం మీ అమ్మకి చూపిస్తావో లేదో నీ ఇష్టం. చూపిస్తే తిట్లు నేను పడతాలే.

నా చేతిరంపం పళ్లు ఆకురాయితో సానబెట్టి, కొబ్బరినూనె రాసి, పేపర్లో చుట్టి పెట్టా. ఆదివారం పొద్దున రైలుకి తెస్తా. మిషన్ ఈలోపే వస్తే వచ్చింది, పెట్టె మాత్రం తెరవొద్దు. ఆ కవరు ముందు నేను చూడాలి.

మీ మామ