తక్కువ రుసుము వరుసలో చేరితే చిన్నతనమా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. నెట్ పరీక్షలో నెగ్గినవారికి ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు, ఆ పరీక్షతో పనిలేని నాన్ నెట్ ఫెలోషిప్ మాత్రమే వస్తోంది. అమెరికాలోని సొసైటీ ఫర్ న్యూరోసైన్స్‌లో విద్యార్థి సభ్యత్వం తీసుకుందామని చూస్తే, దేశాల ఆదాయాన్ని బట్టి వేర్వేరు రుసుముల వరుసలు కనిపించాయి. మన దేశానికి తక్కువ రుసుము ఉంది. అలా చేరితే పేద దేశం కోటాలో వచ్చినట్టు లెక్కగడతారని, రెజ్యూమెలో విలువ ఉండదని మా సీనియర్ ఒకరు అంటున్నారు. అసలు డాలర్లు పోసి ఏదో సంఘంలో చేరడం దేనికని రిటైరైన మా నాన్నగారు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీకు వర్తించే తక్కువ రుసుమే కట్టండి. ఈ విషయంలో రెండో ఆలోచన అక్కర్లేదు. రెజ్యూమెలో మీరు రాసేది సంఘం పేరు, చేరిన సంవత్సరం. ఎంత కట్టారని ఏ ఇంటర్వ్యూలోనూ అడగరు. మీ సీనియర్ మాట నాకు చాలా బాధ కలిగించింది. ఇలాంటి మాటలు విని అర్హత ఉన్న రాయితీలకు కూడా దరఖాస్తు చేయని పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, నాకు తరచూ కనిపిస్తుంటారు.

ఈ వరుసలు ఎలా వచ్చాయో తెలిస్తే ఆ సంకోచం పోతుంది. ప్రపంచ బ్యాంకు ఏటా జులై 1న దేశాలను తలసరి స్థూల జాతీయ ఆదాయం ప్రకారం నాలుగు తరగతులుగా ప్రకటిస్తుంది. 2024 జులైలో ప్రకటించిన హద్దుల ప్రకారం 1,145 డాలర్లు, అంతకన్నా తక్కువ ఉన్నవి అల్పాదాయ దేశాలు. అక్కడి నుంచి 4,515 దాకా దిగువ మధ్య ఆదాయ దేశాలు, 14,005 దాకా ఎగువ మధ్య ఆదాయ దేశాలు, ఆపైన ఉన్నవి అధికాదాయ దేశాలు. మన తలసరి ఆదాయం రెండున్నర వేల డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఉంది కాబట్టి మనది దిగువ మధ్య ఆదాయ దేశం. చాలా శాస్త్ర సంఘాలు ఈ పట్టికనే తీసుకుని తమ చందాకు వరుసలు కట్టుకున్నాయి. మీరు చేరాలనుకుంటున్న సంఘం పద్ధతీ అదే. ఇందులో మీ ప్రతిభ మీద తీర్పు ఏమీ లేదు.

మీ సొంత లెక్కే వేసి చూద్దాం. నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు. డాలరు 85 రూపాయలు దాటింది. ఒక సంఘం అందరికీ ఒకే ధర అని 100 డాలర్లు పెట్టిందనుకోండి, మీ నెల ఫెలోషిప్ మొత్తం ఇచ్చినా చాలదు. అమెరికాలో మీతో సమానంగా చదువుతున్న పరిశోధక విద్యార్థికి అది నెల భృతిలో చిన్న భాగం. ఒకే అంకె వేయడం పైకి సమానంగా కనిపిస్తుంది. నిజానికి అది మీ దగ్గర ఎన్నో రెట్లు ఎక్కువ వసూలు చేయడం. ఆదాయాన్ని బట్టి రుసుము పెట్టిన సంఘం ఆ అన్యాయాన్ని కొంత తగ్గించింది. దాన్ని దానం అనుకోవద్దు. మెదడు గురించిన పరిశోధనకు హైదరాబాద్ నుంచి, నైరోబీ నుంచి, లిమా నుంచి మనుషులు రాకపోతే నష్టం ఆ శాస్త్రానికే.

అయితే ఈ పద్ధతి లోపం లేనిదని నేను చెప్పను. దేశ సగటుకు మనిషి కనబడడు. మీ పక్క బల్ల దగ్గర కూర్చున్న జేఆర్ఎఫ్ విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తున్నాయి, మీకు 8,000. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే వరుస. పెద్ద కంపెనీలో పనిచేసే భారతీయ శాస్త్రవేత్తకూ అదే వరుస వర్తిస్తుంది. అందుకే దేశాన్ని చూసే పద్ధతికి తోడు వ్యక్తి సంపాదనను కూడా చూసే సంఘాలు నాకు ఎక్కువ నచ్చుతాయి. తక్కువ సంపాదన ఉన్నవారికి, ఉద్యోగం లేనివారికి చందా తగ్గించే ఏర్పాటు ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈలో ఉంది. ఏ సంఘంలో చేరినా విద్యార్థి రాయితీ, దేశ రాయితీ రెండూ కలిసి వర్తిస్తాయా అని ముందే ఈమెయిల్ రాసి అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పీహెచ్‌డీ చివరి ఏళ్లలో మన పిల్లలు బాగా దెబ్బతినేది దీనివల్లే. సభ్యత్వంలో రాయితీ వచ్చింది కాబట్టి పేపరు ప్రచురణ రుసుములోనూ వస్తుందని అనుకుంటారు. అక్కడ పట్టిక వేరు. పేద దేశాల పరిశోధకులకు జర్నళ్లు ఉచితంగానో తక్కువ ధరకో అందించే రీసెర్చ్4లైఫ్ జాబితాలో భారత్ లేదు. మాఫీ కోసం ఆ జాబితాను చూసే ప్రచురణకర్తల దగ్గర మనకు దారి మూసుకుపోతుంది. స్ప్రింగర్ నేచర్ అనే ప్రచురణ సంస్థకు చెందిన పూర్తి ఓపెన్ యాక్సెస్ (పాఠకులు ఉచితంగా చదవగలిగే) జర్నళ్లలో దిగువ మధ్య ఆదాయ దేశాలకు సగం రాయితీ ఉంది కానీ, మొత్తం జీడీపీ 200 బిలియన్ డాలర్ల లోపు ఉండాలన్న షరతు పెట్టారు. మన జీడీపీ దానికి ఎన్నో రెట్లు. అంటే తలసరి లెక్కలో మనం కింద ఉన్నాం, మొత్తం లెక్కలో పైన ఉన్నాం. పేపరు ఆమోదం పొందాక వేల డాలర్ల బిల్లు చూసి కంగారుపడేకంటే, పంపే ముందే ఆ జర్నల్ మాఫీ నిబంధన చదవండి. చందా వేసుకుని చదివే పాత పద్ధతి జర్నళ్లలో చాలావాటికి రచయిత ప్రచురణ రుసుము కట్టనక్కర్లేదు. మీ గైడ్‌తో ఆ సంగతి ముందుగానే మాట్లాడండి.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్న. అది చాలా సరైన ప్రశ్న. ఒకప్పుడు సంఘంలో చేరడానికి పెద్ద కారణం జర్నళ్లు. ఆ అవసరం మీకు ఇప్పుడు చాలావరకు తీరింది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకంలో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుతున్నాయి. మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడిగితే ఎలా తెరవాలో చెబుతారు. కాబట్టి చదువుకోవడం కోసం డాలర్లు కట్టవద్దు.

మరి ఎందుకు చేరాలి? వచ్చే ఏడాదిలో సదస్సుకు పోస్టరు (మీ పరిశోధనను చూపే పెద్ద కాగితం) పంపే ఆలోచన ఉంటే చేరండి. కొన్ని సంఘాల్లో సారాంశం పంపాలంటే సభ్యత్వం తప్పనిసరి, సభ్యులకు నమోదు రుసుము తక్కువ. సభ్యత్వ చందా, సభ్యుల నమోదు రుసుము కలిపితే బయటివారి నమోదు రుసుము కన్నా తక్కువ వస్తుందేమో కాగితం మీద వేసి చూడండి. ప్రయాణ సాయానికి సభ్యులే అర్హులన్న నిబంధన ఉన్నా చేరండి. ఈ రెండూ లేవు, రెండేళ్ల దాకా ఫలితాలు రావు అనుకుంటే ఈ ఏడాది ఆగినా మునిగిపోయేది ఏమీ లేదు. అప్పటిదాకా ఇండియన్ అకాడమీ ఆఫ్ న్యూరోసైన్సెస్‌లో చేరి దాని వార్షిక సమావేశంలో పోస్టరు పెట్టండి. మిమ్మల్ని పోస్ట్ డాక్టరేట్‌కు సిఫారసు చేయగలిగే మన దేశపు శాస్త్రవేత్తలు అక్కడ ఎదురుపడతారు. ఆ అకాడమీ అంతర్జాతీయ మెదడు పరిశోధన సంస్థ ఐబీఆర్ఓలో సభ్యసంస్థ. ఐబీఆర్ఓ ఆసియా పసిఫిక్ ప్రాంతంలో యువ పరిశోధకులకు శిక్షణ శిబిరాలు నడుపుతుంది, ప్రయాణ గ్రాంట్లు ఇస్తుంది. మీ స్థితిలో ఉన్న విద్యార్థికి నేను మొదట చూపించే తలుపు అదే.

నాన్నగారికి మరో సంగతి కూడా చెప్పండి. చందాలు వేసుకుని శాస్త్ర సంఘం నడపడం మనకు పరాయి అలవాటు కాదు. అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి.రామస్వామి అయ్యర్, ఏ ఒక్కరూ సొంతంగా కొనలేని గణిత పత్రికలు, పుస్తకాలు అందరూ కలిసి తెప్పించుకుందామని మిత్రులకు ఉత్తరాలు రాశారు. 1907లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అలా పుట్టింది. ఆ పుస్తకాలు సభ్యుల మధ్య పోస్టులో తిరిగేవి. శ్రీనివాస రామానుజన్ తొలి వ్యాసం 1911లో అచ్చయింది ఆ సొసైటీ జర్నల్‌లోనే. మీ ఊళ్లోని ఏ అధ్యాపకుడైనా ఒంటరిగా పనిచేస్తుంటే ఈ కథ ఆయనకూ చెప్పండి.

సభ్యత్వానికి లేని బరువును కూడా మోయించవద్దు. అమెరికాలో అసాధారణ ప్రతిభ కింద గ్రీన్ కార్డుకు సంఘాల సభ్యత్వాలు పనికొస్తాయని కొందరు కన్సల్టెంట్లు పోగేయిస్తున్నారు. ఆ నిబంధన కోరేది, గొప్ప కృషి చేసినవారిని నిపుణులు తూచి చేర్చుకునే సంఘాల సభ్యత్వాన్ని. డబ్బు కట్టిన ఎవరికైనా దొరికే సభ్యత్వం అందులోకి రాదు. మీకు తెలియని సంఘం నుంచి మిమ్మల్ని ఫెలోగా ఎంపిక చేశామని, రుసుము కడితే ధ్రువపత్రం పంపుతామని ఈమెయిల్ వస్తే తుడిచేయండి. అది మీ రెజ్యూమెకు మచ్చ అవుతుంది.

చేరాలని నిర్ణయించుకుంటే కొన్ని పనులు చూసుకోండి. మీ బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపుల అనుమతి ఇచ్చి, కట్టాక మళ్లీ ఆపేయండి. రుసుము మీద బ్యాంకు మార్పిడి ఖర్చు, దాని మీద జీఎస్టీ పడతాయి, కాబట్టి ఆ కాస్త అదనం లెక్కలో ఉంచుకోండి. ఏటా దానంతట అదే రెన్యువల్ అయ్యే గడిలో టిక్కు ఉంటే తీసేయండి. సభ్యత్వం జనవరి నుంచి డిసెంబరు దాకానా, చేరిన రోజు నుంచి పన్నెండు నెలలా అన్నది చూసి కట్టండి. లేకపోతే నవంబరులో కట్టిన డబ్బుకు రెండు నెలలే చేతికొస్తాయి. గైడ్ ప్రాజెక్టులో ఈ ఖర్చు పెట్టుకోవడానికి వీలుందేమో రసీదు చూపించి అడగండి. రుసుము వరుస సాధారణంగా నివసించే దేశాన్ని బట్టి ఉంటుంది, పాస్‌పోర్టును బట్టి కాదు. రేపు పోస్ట్ డాక్టరేట్ కోసం జర్మనీకో అమెరికాకో వెళితే ఆ నెలలోనే చిరునామా మార్చి, అక్కడి వరుసలో కట్టండి.