ఏఐ లేకపోతే చేతులాడటం లేదు

ప్రశ్న: సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ల అనుభవం ఉంది. రెండేళ్లుగా కోడంతా ఏఐతోనే రాయిస్తున్నాను. మొన్న ఇంటర్వ్యూలో చిన్న లూప్ రాయమంటే చేతులాడలేదు. మావారికి ఈ సంగతి చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ ఉద్యోగానికి నేను పనికొస్తానా?

జవాబు: పనికొస్తారు. మీకు పని రాక కాదు, అలవాటు తప్పింది. ఎదురుగా ఉన్న కోడ్ చదివి ‘అవును, ఇదే’ అనుకోవడం వేరు, ఖాళీ ఫైల్‌లో మొదటి లైన్ రాయడం వేరు. చూచిరాత చక్కగా రాసే పిల్లలు డిక్టేషన్‌లో తడబడతారే, అదే ఇది.

ఏఐని నమ్మి పొరబడింది మీరొక్కరే కాదు. 2025లో ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్‌సోర్స్ డెవలపర్లను పరిశీలించింది. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం త్వరగా చేశామనే అనుకున్నారు.

ఒక్కసారిగా మానేయకండి. డెడ్‌లైన్ రాగానే మళ్లీ దాని దగ్గరికే వెళ్తారు, పైగా తప్పు చేశానన్న బాధొకటి. ముందు ఎడిటర్‌లో టైప్ చేస్తుండగా వచ్చే ఏఐ సజెషన్లను ఆపేయండి. మీరు ఆలోచించేలోపే జవాబు కనిపించడమే అసలు హాని. చాట్ ఉండనివ్వండి.

ఎర్రర్ వస్తే చాట్‌లో పేస్ట్ చేసేముందు 20 నిమిషాలు మీరే చూడండి. పైథాన్ అయితే ట్రేస్‌బ్యాక్‌ను, అంటే ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే లైన్లను, ఆఖరి లైన్ నుంచి పైకి చదవండి. జావా అయితే అసలు కారణం చెప్పే చివరి ‘కాజ్డ్ బై’ లైన్ వెతకండి. కారణం ఏమై ఉంటుందో కాగితం మీద ఒక్క వాక్యం రాయండి, తప్పైనా సరే. అప్పుడు ‘కోడ్ ఇవ్వొద్దు, నా అంచనా ఎక్కడ తప్పిందో చెప్పు’ అని అడగండి.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఖాళీ లిస్టులో మొదటి ఐటమ్ అడిగితే ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది. దాని చుట్టూ, ఎర్రర్ వచ్చినా ప్రోగ్రామ్ ఆగకుండా చూసే ట్రై-ఎక్సెప్ట్ పెట్టి ఏఐ ఇచ్చేస్తుంది కొన్నిసార్లు. ఎర్రర్ మాయమవుతుంది, టెస్టు పాసవుతుంది. లిస్టు ఎందుకు ఖాళీగా వచ్చిందో మాత్రం ఎవరూ చూడలేదు. బహుశా పైన డేటా తెచ్చే క్వెరీలో ఫిల్టర్ తప్పు. నెల తర్వాత రిపోర్టు నిండా సున్నాలొస్తే ఎక్కడ వెతకాలో మీకు తోచదు.

వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున, సజెషన్లు లేని సాదా ఎడిటర్‌లో చిన్న ఫంక్షన్లు రాయండి. మొదట్లో విసుగొస్తుంది, రానివ్వండి. ‘వారానికో చిన్న బగ్ ఏఐ లేకుండా సరిచేస్తాను, ఒక రోజు ఎక్కువివ్వండి’ అని మీ లీడ్‌ను అడగండి.

మీవారి దగ్గర దాచడమే మీ నిద్ర పాడుచేస్తోందని నా అనుమానం. ఇవాళే చెప్పండి. ‘నాకేమీ రాదు’ అని కాదు, ‘చెయ్యి మొద్దుబారింది, మూడు నెలలు ఈ అరగంటలు నాకు కావాలి, అప్పుడు ఇంటిపని మీరు చూసుకోండి’ అని. చెప్పాక కూడా రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోతే డాక్టర్‌ని కలవండి.